సీటు దిగిన సారథి

మాత్రల అట్ట పెద్దావిడ పిడికిట్లో ఉంది.

"అత్తయ్యా, అది ఇలా ఇవ్వండి," అంది కోడలు మళ్ళీ. నర్సరీ స్కూల్లో పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకునేటప్పుడు వాడే గొంతు అది. మెత్తగా ఉంటుంది, వెనక్కి మాత్రం తగ్గదు.

"నేనేమీ నీ బళ్ళో పిల్లని కాదు, టీచరమ్మా."

స్నానాలగదిలో కొళాయి ధారగా పడుతోంది. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. వాంతి బయటికి వినబడకూడదని సారథి కొళాయి తిప్పుకుంటాడని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తెలిసినట్టు ఇద్దరూ కనబడనివ్వరు.

"విన్నావా?" అంది పెద్దావిడ. "ఇదంతా ఈ మందు నిర్వాకం. ఇది ఇంట్లోకొచ్చాక వాడు కడుపునిండా తిన్న పూట లేదు. రాత్రి కంటిమీద కునుకు లేదు, పగలంతా ఆవలింతలు. టీ గ్లాసు పట్టుకుంటే సగం నేలపాలు. ముందు ఇలా ఉండేవాడా నా కొడుకు?"

"ముందు ఎలా ఉండేవారో మీరే చెప్పండి."

"నెమ్మదిగా ఉండేవాడు."

"అది నెమ్మది కాదు అత్తయ్యా. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. పొద్దున మనం లేచి చూస్తే అలాగే కూర్చుని ఉండేవారు."

పెద్దావిడ అట్టని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఒకరోజు ఆ బూట్లు ఆవిడే విప్పింది. ఇంత పొడుగు కొడుకు, కాళ్ళు చాపి విప్పించుకున్నాడు. "ఏం తక్కువైందిరా నీకు?" అని అడిగితే, "ఏమీ తక్కువ కాలేదమ్మా, అందుకే చెప్పడం చేతకావట్లేదు" అన్నాడు. ఆ సంగతి ఆవిడ ఇంతవరకూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

సారథి అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఫైర్ స్టేషన్లో పెద్ద బండి నడిపేది ఆయన కాబట్టి అక్కడివాళ్ళు పెట్టింది. అంతకుముందు ఆ సీట్లో కూర్చుని రిటైరయింది ఆయన తండ్రి. తండ్రి పోయినా ఆ ఠీవి పెద్దావిడ దగ్గర పోలేదు. వీధిలో బండి గంట వినిపిస్తే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి గుమ్మంలో నిలబడుతుంది.

"ఇంతకీ వాణ్ణి ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందెవరు?" అంది ఆవిడ. "మీ తమ్ముడు. ఎందుకు తీసుకెళ్ళాడు? వీడు దిగితే ఆ సీటెక్కేది ఎవరు? మీ తమ్ముడే. నాకా మాత్రం లెక్క తెలియదనుకోకు."

టీచర్ ముఖం కందిపోయింది. ఆమె తమ్ముడు అదే స్టేషన్లో రెండో డ్రైవరు. డ్యూటీ అయిపోయి అందరూ వెళ్ళిపోయినా, స్టీరింగు పట్టుకుని బండిలోనే కూర్చుండిపోయిన బావని భుజం పట్టుకుని దింపింది అతనే. మర్నాడు వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ అతనే. పోయిన వారం ఇదే వంటింట్లో పెద్దావిడ అతన్ని సీటు దొంగ అంది. ఆ రోజు నుంచి అతను ఈ గడప తొక్కలేదు.

"మా తమ్ముణ్ణి ఇంకొక్క మాట అన్నారంటే, అత్తయ్యా..."

"అంటే ఏం చేస్తావ్?"

కొళాయి ఆగింది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

సారథి తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. తల్లి పిడికిలి చూశాడు, భార్య కళ్ళు చూశాడు. ముందు గదిలోకి వెళ్ళి బూట్లు ముందేసుకుని కూర్చున్నాడు. పెట్టిన సెలవు నిన్నటితో అయిపోయింది. ఇవాళ డ్యూటీకి వెళ్ళాలి.

లేసు ముడి పడటం లేదు. వేళ్ళు ఒకదాన్నొకటి తప్పుకుంటున్నాయి. రెండుసార్లు జారింది. పెద్దావిడ గబగబా వచ్చి కింద కూర్చుని లేసు అందుకోబోయింది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నేను కట్టుకుంటానమ్మా."

"కట్టుకుంటావులే. చూస్తున్నాగా."

ఆ మాట ఆయనకి తగిలింది. తల వంచుకుని లేసు వైపే చూస్తూ ఉండిపోయాడు.

టీచర్ ఇక ఆగలేదు. ఫోను తీసి డాక్టరమ్మకి కలిపి, ముగ్గురికీ వినపడేలా బల్లమీద పెట్టింది. కడుపులో వికారం, నిద్ర పట్టకపోవడం, వణుకు, నోరు ఎండిపోవడం, అన్నీ చెప్పింది. పిల్లవాడి ఒంట్లో బాగోలేదని తల్లిదండ్రులకి చెప్పినట్టు, ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా.

"మొదట్లో చాలామందికి ఇలాగే ఉంటుందండీ," అంది డాక్టరమ్మ. "మందు ఇంకా పని మొదలుపెట్టక ముందే దాని ఇబ్బందులు ముందొస్తాయి. అదే చిక్కు. ఒకటి రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటున్నారా?"

టీచర్ భర్త వైపు చూసింది.

"లేవగానే వేసుకుంటున్నాను," అన్నాడు సారథి. "ఎవరూ చూడకముందే అయిపోతుందని. ఇవాళ్టిది ఇంకా వేసుకోలేదు."

"అలా వద్దు. పొద్దున ఏదైనా తిన్నాక వేసుకోండి. ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా తినండి. నీళ్ళు గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండండి. నిద్ర సంగతి ఈ వారం చూద్దాం. మీ అంతట మీరు మానెయ్యొద్దు. ఒకచోట నిలవలేనంత అలజడి పుట్టినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా మాత్రం ఆగొద్దు, ఆ క్షణమే నాకు చెప్పండి. అలాంటిదేమైనా ఉందా?"

పెద్దావిడ కొడుకు వైపు కళ్ళార్పకుండా చూస్తోంది. డాక్టరు ఇంత మామూలుగా ఆ ప్రశ్న అడుగుతుందని ఆవిడ అనుకోలేదు.

"లేదండీ," అన్నాడు సారథి. తర్వాత భార్య వైపు తిరిగి, ఆమెకి విడిగా చెప్పినట్టు, "లేదు" అన్నాడు.

"మంచిది. ఇంతకీ మీరు చేసేది కూర్చునే పనే అన్నారు కదా. ఆఫీసులో నిద్రొస్తే కాసేపు లేచి అటూ ఇటూ తిరగండి."

"ఆఫీసా?" అంది టీచర్.

సారథి ముడిపడని లేసు వేలికి చుట్టుకున్నాడు. "కూర్చునే పనేనండీ," అన్నాడు చివరికి. "డ్రైవర్ని. ఫైరింజన్."

ఫోన్లో అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"అప్పుడే చెప్పాల్సింది మీరు," అంది డాక్టరమ్మ కాసేపటికి. గొంతులో కోపం లేదు. "వణుకు తగ్గి, మత్తు పూర్తిగా పోయి, నేను చూసి సరేననేదాకా బండి ముట్టుకోవద్దు. వారమో, రెండు వారాలో. మిగతా పనులు చేసుకోండి. స్టీరింగ్ మాత్రం వద్దు."

ఫోను పెట్టేశాక టీచర్ భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆవిడతో ఆఫీసు ఉద్యోగమన్నారా?"

"ఫైరింజన్ నడిపేవాడు మనసు బాగోలేదని వచ్చాడని చెప్పడానికి నోరు రాలేదు. మీ తమ్ముడు బయటే కూర్చున్నాడు."

"నాకైనా చెప్పకూడదూ?"

"నీకు చెప్తే నన్ను కూడా ఎల్‌కేజీలో కూర్చోబెడతావు."

నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

పెద్దావిడకి మాత్రం దారి దొరికినట్టయింది. "విన్నావుగా. ఇది వేసుకుంటే సీటు లేదు, మానేస్తే ఉంది. ఇంతోటిదానికి ఆలోచన దేనికి? మీ నాన్న జ్వరంతో కాలిపోతూ కూడా తాళం ఇంకొకడి చేతికివ్వలేదు. అది ఈ ఇంటి పరువు. దాన్ని నువ్వు వాడి చేతిలో పెడతావా?"

వాడంటే ఎవరో ఎవరూ అడగలేదు.

సారథి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. రొట్టె ముక్క ఒకటి తీసుకుని నిలబడే తిన్నాడు. నమలడానికి కష్టపడుతున్నాడని దవడలు చూస్తే తెలుస్తోంది. సగంలో ఆగి, కళ్ళు మూసుకుని, నీళ్ళు ఒక గుక్క తాగి, మళ్ళీ తిన్నాడు. అరటిపండు ఒలిచి అదీ తిన్నాడు. ఇద్దరాడవాళ్ళూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఏదో పరీక్ష జరుగుతున్నట్టుంది.

తర్వాత వచ్చి తల్లి ముందు చెయ్యి చాపాడు.

"అమ్మా, ఇవ్వు."

ఆ చెయ్యి వణుకుతోంది. ఇన్నాళ్ళూ జేబులో పెట్టుకుని, వీపు వెనక్కి దాచుకుని తిరిగిన చెయ్యి. ఇప్పుడు దాచుకోలేదు. తల్లి కళ్ళముందే వణకనిచ్చాడు.

"నాన్న జ్వరంతో నడిపాడు. ఏమీ కాలేదు కాబట్టి మనం గొప్పగా చెప్పుకుంటున్నాం," అన్నాడు. "నా వెనక ఐదుగురు కూర్చుంటారమ్మా. వాళ్ళకీ అమ్మలున్నారు."

పెద్దావిడ అట్టని కొడుకు చేతిలో పెట్టలేదు. బల్లమీద పెట్టి, ముఖం తిప్పుకుని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

* * *

స్టేషన్లో డ్యూటీ మారే వేళ. బండి పక్కన అందరూ వరసలో నిలబడ్డారు. సారథి ముందుగా ఆఫీసర్ గదికి వెళ్ళి సంగతంతా చెప్పాడు కాబట్టి ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. గదిలో ఆయన ఒక ఉపాయం కూడా చెప్పాడు: "నడుం నొప్పి అందాంలే. డ్రైవర్లందరికీ ఉండేదే. ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు."

"నడుం బాగానే ఉంది సార్," అని ఊరుకున్నాడు సారథి.

ఇప్పుడు వరసలోంచి తనే ఒక అడుగు ముందుకేశాడు.

"కొన్నాళ్ళు నేను బండి నడపను. దిగులు జబ్బుకి మందు మొదలుపెట్టాను. మొదట్లో చేతులు వణుకుతాయట, మత్తుగా ఉంటుందట. నాకు రెండూ ఉన్నాయి. తగ్గాక డాక్టరు సరేనంటే మళ్ళీ ఎక్కుతాను. అందాకా ఫోను దగ్గర కూర్చుంటాను. పైపులు తుడుస్తాను. ఎవరికైనా ఏమైనా అడగాలనుంటే ఇప్పుడే అడగండి. నా వెనక వద్దు."

ఎదుటి వీధిలో ఏదో లారీ వెనక్కి వెళ్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆఫీసర్ ఆయన్ని మెచ్చుకుంటూ నాలుగు మాటలు మొదలుపెట్టాడు. రెండో మాట దగ్గరే సారథికి ఆవలింత వచ్చింది. ఆపుకోబోతే ఇంకా పెద్దదైంది.

"మన్నించండి సార్. ఇది మందు వల్లే. మీ మాటల వల్ల కాదు."

"నిన్నటిదాకా మరి మాకెందుకొచ్చేవి?" అన్నాడు వెనక వరసలో ఒకడు. నవ్వు చెలరేగింది. ఆఫీసరూ నవ్వేశాడు. ఆ నవ్వులో సారథి భుజాలు కాస్త దిగాయి. చాలాకాలానికి తను కూడా నవ్వాడని ఆయనకి తర్వాత గుర్తొచ్చింది.

వరస విడిపోయాక బావమరిది దగ్గరికి వెళ్ళి, డ్యూటీకి రాగానే తన చేతికిచ్చిన బండి తాళాలగుత్తి చాపాడు.

బావమరిది చేతులు కట్టుకున్నాడు. "ఆఫీసర్ గారి బల్లమీద పెట్టు బావా. అక్కణ్ణుంచి తీసుకుంటాను."

"నా చేత్తో ఇస్తే ఏం?"

"మీ ఇంట్లో నన్ను ఏమన్నారో మర్చిపోయావా? రేపు అత్తయ్య వీధి వీధంతా వినబడేలా అంటుంది, చేతిలోంచి లాక్కున్నాడని. నాకూ ఒక ముఖం ఉంది. సీటు కోసం నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేంత నీచుణ్ణి కాను."

"కాదని నాకు తెలుసు."

"మరి ఆ రోజు ఆ మాట ఎందుకనలేదు? పక్కనే కూర్చున్నావుగా."

సారథి నిజంగానే ఆ రోజు పక్కనే కూర్చున్నాడు. మాటలు చెవిన పడ్డాయి, లోపలికి దిగలేదు. అప్పటికి ఏదీ దిగేది కాదు.

"అప్పుడు నాకు నోరు పెగల్లేదురా. ఇవాళ పెగిలింది," అన్నాడు. "నువ్వు దింపకపోతే నేను ఆ బండిలోంచి దిగేవాణ్ణి కాదు. ఎవరి ముందైనా చెప్తాను. పట్టు."

వణుకుతున్న వేళ్ళ మధ్య తాళాలు సన్నగా గలగలమంటున్నాయి. బావమరిది వాటివైపు చూసి, చటుక్కున చెయ్యి చాపి, తాళంతో పాటు ఆ వేళ్ళనీ గట్టిగా పట్టుకున్నాడు. వణుకు ఆగేదాకా వదల్లేదు.

"రెండో గేరు మొండికేస్తుంది," అన్నాడు సారథి. "బలవంతం చెయ్యకు, బతిమాలాలి. మలుపులో ఎడమవైపు లాగుతుంది. నీళ్ళ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బ్రేకు నువ్వనుకున్న దానికంటే ముందు తొక్కు."

"తెలుసు బావా."

"తెలుసులే. అయినా చెప్తాను."

మధ్యాహ్నం కావస్తుండగా ఫోను మోగింది. ఎత్తింది సారథే. రంగుల గోడౌన్లో మంటలు. చిరునామా రెండుసార్లు చెప్పించుకుని, గంట కొట్టి, బండి షెడ్డు తలుపుల దగ్గరికి పరిగెత్తాడు. ఆ తలుపులు ఆయన ఎప్పుడూ తెరవలేదు. అవి తెరుచుకునేసరికి ఆయన ఎప్పుడూ బండిలోనే ఉండేవాడు. ఇవాళ రెండు రెక్కలూ తనే తోశాడు. బండి ఆయన్ని దాటుకుంటూ గర్జిస్తూ వెళ్ళింది. రెండో గేరు పడిన చప్పుడు విన్నాడు. శుభ్రంగా పడింది.

నీళ్ళు ఒక గుక్క తాగి, ఫోను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

* * *

గంట వినగానే పెద్దావిడ అలవాటుగా గుమ్మంలోకొచ్చింది. ఎదురింటి దర్జీ కూడా టేపు మెడలో వేసుకుని బయటికొచ్చాడు. ఎర్రటి బండి వీధి మొగలో తిరిగి, వాళ్ళ ముందునుంచే దూసుకుపోయింది. సీట్లో కోడలి తమ్ముడున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఇటు తిరిగి చూడలేదు.

"మీవాడు కాదే," అన్నాడు దర్జీ. "సెలవులో ఉన్నాడా పెద్దమ్మా?"

స్కూలు నుంచి వస్తున్న టీచర్ అప్పుడే వీధి మలుపు తిరిగింది. ఆ ప్రశ్న విని నడక ఆపేసింది. అత్తగారు ఔననేస్తుందని అనుకుంది. ఔనంటే చాలు, దర్జీ మళ్ళీ మిషను దగ్గరికి పోతాడు.

పెద్దావిడ బండి పోయిన వైపే చూస్తోంది.

"సెలవు కాదు. డ్యూటీలోనే ఉన్నాడు," అంది. "మందు వేసుకుంటున్నాడు. చెయ్యి వణుకుతోందని వాడే దిగాడు. ఎవరూ దించలేదు. రాసి పెట్టుకో."

"అయ్యో, దేనికి మందు?"

"మనసుకి."

దర్జీ కళ్ళజోడు పైకి తోసుకుని ఆవిడని చూశాడు.

"ఎందుకలా చూస్తావ్? కళ్ళకి నువ్వు కళ్ళజోడు పెట్టుకోవడం లేదూ? ఇదీ అంతే," అంటూ పెద్దావిడ లోపలికి వెళ్ళిపోయింది.

టీచర్ కాసేపు వీధిలోనే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి, విన్నట్టు చెప్పకుండా, అత్తగారికి టీ పెట్టి ఇచ్చింది. అత్తగారూ ఏమీ చెప్పకుండా తాగింది.

సాయంత్రం సారథి ఇంటికొచ్చాడు. మంటలు ఆరాయని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు. తర్వాత చెప్పలేక చెప్పలేక ఇంకొకటి చెప్పాడు. పొద్దున్న మాట పై ఆఫీసర్ దాకా వెళ్ళింది. అలాంటి మందు వేసుకునేవాణ్ణి ఎప్పటికీ సీటెక్కనివ్వకూడదని ఆయన అన్నాడట. రేపు వచ్చి మాట్లాడతాడట.

"ఎప్పటికీనా?" అంది టీచర్.

"నడుం నొప్పి అని ఉంటే ఈ గొడవే లేదు," అన్నాడు సారథి. చెంచా పళ్ళేనికి తగిలి టకటకమంటోంది. ఒక ముద్ద తిని, ఆగి, ఇంకో ముద్ద తిన్నాడు. "అయినా రేపు కూడా అదే చెప్తాను. ఉన్నది ఉన్నట్టు."

పెద్దావిడ కొడుకు పళ్ళెంలో ఇంకో ముక్క రొట్టె వేసింది.

తలుపు చప్పుడైంది. టీచర్ వెళ్ళి తీసింది. తమ్ముడు. ఒంటినిండా పొగ వాసన, నుదుటిమీద మసి. గడప అవతలే నిలబడ్డాడు.

"బావా, పై ఆఫీసర్ రేపటిదాకా ఆగలేదు. బయట జీపులో ఉన్నాడు. నిన్ను బయటికి రమ్మంటున్నాడు."

సారథి లేవబోయాడు. పెద్దావిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"వాడు అన్నం దగ్గర ఉన్నాడు. పెద్దాయన్నే లోపలికి రమ్మని చెప్పు," అంది గడప అవతలికి చూస్తూ. ఆ తర్వాతి మాట ఆవిడ నోట రావడానికి కష్టపడింది. "చెప్పేసి నువ్వు కూడా లోపలికి రా నాయనా. ముఖం కడుక్కో."

అతను అక్క వైపు చూశాడు. అక్క బావ వైపు చూసింది. వీధిలో జీపు తలుపు వేసిన చప్పుడైంది. ఎవరూ పిలవకముందే, బరువైన బూట్లు గుమ్మం మెట్లెక్కడం మొదలుపెట్టాయి.

సారథి చెంచా పక్కన పెట్టి, రెండు చేతులూ బల్లమీద కనబడేలా చాపుకుని, తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు.